అమెరికా నుంచి కోస్టారికాకు బదిలీ: ఎక్కడ బతుకు బాగుంటుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మిన్నెసోటాలో వైద్య పరికరాల కంపెనీలో ఇంజనీరుగా ఉన్నారు. కోస్టారికా ప్లాంటుకు వెళ్తారా అని కంపెనీ అడిగింది. జీతం ఇప్పటిదాంట్లో సగానికి కొంచెం పైన. ఇంట్లో భార్య, ఏడేళ్ల పాప, పద్నాలుగేళ్ల బాబు. ఆదాయాల జాబితా చూస్తే అమెరికా ఎక్కడో పైన ఉంది, సంతోషం జాబితా చూస్తే కోస్టారికా పైన ఉంది, ఏది నమ్మాలి, అసలు ఏ దేశంలో బతుకు బాగుంటుంది అని.

నేను ఇదే రంగంలో క్వాలిటీ విభాగంలో 22 ఏళ్లుగా ఉన్నాను. తొమ్మిదేళ్లు కోస్టారికాలోని అలహ్వేలాలో, మిగతా కాలమంతా మిన్నెసోటాలో. బదిలీ మీద అటూ ఇటూ వెళ్లే కుటుంబాలు ముందుగా నాతో మాట్లాడటం అలవాటైంది. ఇప్పటికి నలభై కుటుంబాల దాకా అయ్యాయి. అందులో బాగా కుదిరినవాళ్లూ ఉన్నారు, ఏడాది తిరక్కుండా పెట్టె సర్దుకుని వచ్చేసినవాళ్లూ ఉన్నారు.

సూటిగా జవాబు: పాప ఒక్కతే అయితే నిశ్చింతగా వెళ్లమనేదాన్ని. బాబు చదువు, మీ ఆవిడ ఉద్యోగం, ఈ రెండూ తేలకుండా మాత్రం సంతకం పెట్టకండి. ఇక దేశాల సంగతి: డబ్బు కూడబెట్టాలన్నా, పెద్ద చదువులు చదివించాలన్నా అమెరికాదే పైచేయి. జబ్బు చేస్తే ఇల్లు గుల్లవుతుందన్న భయం లేకుండా నిద్రపోవాలంటే కోస్టారికా. ఈ రెండింట్లో మీ ఇంటికి ఇప్పుడు ఏది కొరతగా ఉందో మీరే చెప్పగలరు.

ముందు ఆ జాబితాల గురించి. అవేవీ అబద్ధాలు కావు, ఒక్కోటి ఒక్కో ప్రశ్నకు జవాబు. తలసరి ఆదాయం డాలర్లలో చూస్తే కోస్టారికాది అమెరికాలో దాదాపు అయిదో వంతు. అక్కడి ధరలతో సరిచేసి కొనుగోలు శక్తి ప్రకారం చూస్తే ఆ తేడా తగ్గి సుమారు మూడో వంతు అవుతుంది. అదీ పెద్ద తేడానే. సంతోషం జాబితాలో అడిగేది వేరు. సున్నా నుంచి పది మెట్లున్న నిచ్చెనను ఊహించుకోమంటారు. పై మెట్టు మీ ఊహకందే అత్యుత్తమ జీవితం, కింది మెట్టు అతి హీనమైన జీవితం, మీరు ఏ మెట్టు మీద ఉన్నారని అడుగుతారు. 2025 నివేదికలో ఆ లెక్కన కోస్టారికాకు 6వ స్థానం, అమెరికాకు 24. అంటే ఆ దేశపు మనిషి తన ఊహతో తన బతుకును కొలుచుకున్న కొలత అది. మిన్నెసోటా నుంచి దిగే మీరు ఆ మెట్టు మీదే నిలబడతారని దానర్థం కాదు.

ఆయుర్దాయం కాస్త గట్టి కొలత. అమెరికాలో 2019లో 78.8 ఏళ్లుండేది, 2021కి 76.4కు పడిపోయి, 2023లో 78.4కు లేచింది. కోస్టారికాలో 80 ఏళ్ల చుట్టుపక్కల ఉంటుంది. అయిదో వంతు ఆదాయంతో ఆ దేశం అమెరికాను దాటింది. కానీ ఇక్కడో మెలిక ఉంది. 2020లో హవాయిలో ఆయుర్దాయం 80.7, మిసిసిపీలో 71.9. ఒకే దేశంలో తొమ్మిదేళ్ల తేడా. మిన్నెసోటాలో అదే ఏడాది 79.1. మీరు పోల్చుకోవాల్సింది అమెరికా సగటును కాదు, మిన్నెసోటాను. అటువైపు కూడా కోస్టారికా మొత్తాన్ని కాదు, రాజధాని సాన్ హోసే, అలహ్వేలా, హెరేదియా ఉన్న మధ్య లోయను.

సగటులో దొరకని విషయం ఒకటి మా ప్లాంట్ల నుంచే చెబుతాను. రెండు చోట్లా ఒకే రకం కేథటర్ తయారవుతుంది. మైక్రోస్కోపులోంచి చూస్తూ సన్నటి గొట్టం కొసను అతికించే పని. అలహ్వేలాలో ఆ పని చేసే ఒకావిడకు, మిన్నెసోటాలో అదే పని చేసే ఒకాయనకు ఇద్దరికీ నేనే శిక్షణ ఇచ్చాను. ఆమె జీతం ఆయన జీతంలో దాదాపు నాలుగో వంతు. ఆయనకు సొంతిల్లు, రెండు కార్లు, చేపలు పట్టడానికి ఒక చిన్న పడవ ఉన్నాయి. ఆమె తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి కంపెనీ బస్సెక్కుతుంది. అమ్మానాన్నలతో కలిసి రెండు గదుల ఇంట్లో ఉంటుంది. ఇంతవరకూ చూస్తే ఎవరి బతుకు బాగుందో అడగక్కర్లేదు.

ఒక జనవరిలో ఆయనకు మెట్లెక్కితే ఛాతీ బిగపట్టినట్టు అనిపించడం మొదలైంది. కొత్త ఏడాది కదా, బీమా డిడక్టిబుల్, అంటే బీమా కట్టడం మొదలెట్టేలోపు మనం భరించాల్సిన మొత్తం, మళ్లీ మొదటికొచ్చింది. డాక్టరు దగ్గరికెళ్తే ముందు కొన్ని వేల డాలర్లు చేతి నుంచి పెట్టుకోవాలి. ఆ నెలలో ఇంటి హీటర్ కూడా మార్చాల్సి వచ్చింది. ఏప్రిల్ దాకా ఎవరికీ చెప్పలేదు. క్లీన్ రూమ్‌లోకి, అంటే దుమ్ము చేరనివ్వని తయారీ గదిలోకి, వెళ్లే ముందు గౌను తొడుక్కుంటూ అక్కడే కూర్చుండిపోయాడు. అంబులెన్సు, రెండు స్టెంట్లు. బతికాడు. వైద్యం ప్రపంచంలోకెల్లా గొప్పగా జరిగింది, అందులో సందేహం లేదు. బీమా పోగా అతని వాటా ఏడు వేల డాలర్లు దాటింది, పడవ అమ్మేశాడు. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ బిల్లు కాదు, ఆ మూడు నెలలు. నొప్పి ఉందని తెలిసీ నోరు మూసుకుని పనికొచ్చిన మూడు నెలలు.

అలహ్వేలాలో ఆవిడ వాళ్ల నాన్నకు బీపీ ఉన్న సంగతి ఆయనకే తెలియదు. ఎవరికి తెలిసిందంటే, వీధివీధీ తిరిగే ప్రాథమిక ఆరోగ్య కార్యకర్తకు. ఆ పద్ధతి నేను మా ఇంటి గుమ్మంలోనే చూశాను. అద్దింట్లోకి దిగిన మూడో నెలలో ఒకమ్మాయి గేటు దగ్గర నిలబడి పిలిచింది. వీపున సంచి, భుజానికి టీకా మందుల చల్లపెట్టె, చేతిలో టాబ్లెట్. ఇంట్లో ఎంతమంది, ఎవరికి ఏ టీకాలు అయ్యాయి, పెరట్లో నీళ్లు ఎక్కడైనా నిలుస్తున్నాయా అని వరసగా అడిగింది. పూలకుండీ కింది పళ్లెం ఎత్తి చూసి, దోమపిల్లలున్నాయని తనే ఒంపేసింది. మా అత్తగారి చేతికి పట్టీ కట్టి బీపీ చూసి, రేపు పొద్దున్న క్లినిక్‌కు రమ్మని చీటీ రాసిచ్చింది. మేం పరాయి దేశం వాళ్లమా, ఎంత సంపాదిస్తున్నాం, ఏదీ అడగలేదు.

ఆ అమ్మాయి వెనక ఎనభై ఏళ్ల చరిత్ర ఉంది. సామాజిక బీమా సంస్థను, అందరూ కాహా అని పిలిచేదాన్ని, 1941లో పెట్టారు. 1948 డిసెంబరు 1న అప్పటి ప్రభుత్వాధినేత హోసే ఫిగేరెస్ సుత్తితో బెల్యావిస్తా సైనిక స్థావరం గోడ మీద కొట్టి సైన్యాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించాడు. మరుసటి ఏడాది అది రాజ్యాంగంలోకెక్కింది. ఆ కట్టడమే ఇప్పటి జాతీయ మ్యూజియం. 1990ల మధ్యలో దేశమంతా చిన్న చిన్న ఆరోగ్య బృందాలు వేశారు. నాలుగైదు వేల మందికి ఒక బృందం, వాటినే ఎబాయిస్ అంటారు. డాక్టరు, నర్సు సహాయకురాలు, నేను చెప్పిన ఇంటింటి కార్యకర్త అందులో ఉంటారు. జబ్బు పెద్దదై ఆసుపత్రికి చేరకముందే పట్టుకోవడం వాళ్ల పని.

2016లో రెండు దేశాల మరణాల లెక్కలు పక్కపక్కన పెట్టి చేసిన ఒక అధ్యయనం వచ్చింది. అమెరికాలో పేదకూ ధనికుడికీ మధ్య ఆయుష్షులో తేడా చాలా ఎక్కువ, కోస్టారికాలో అది చాలా తక్కువ అని తేల్చింది. ఆదాయంలో అట్టడుగున ఉన్నవాళ్ల దగ్గరే కోస్టారికా అమెరికాను దాటుతోంది, పైవరస వాళ్ల దగ్గర కాదు. మీరు మిన్నెసోటాలో ఇంజనీరు, అంటే పైవరసే. కాబట్టి ఆ ఆయుర్దాయం తేడా మీకు పెద్దగా కలిసొచ్చేది కాదు. మీకు కలిసొచ్చేది మనసుకు ఉండే ఆ తేలికదనం. అది చిన్నదేం కాదు.

కోస్టారికా గురించి ఎవరూ ముందుగా చెప్పని సంగతులు

క్యూలు. కాహా ప్రాథమిక వైద్యం ఎంత బాగుంటుందో, స్పెషలిస్టు దగ్గరా సర్జరీకీ నిరీక్షణ అంత దీర్ఘం. అత్యవసరం కాని ఆపరేషన్లకు నెలలు కాదు, ఏళ్లు పట్టిన సందర్భాలున్నాయి. మధ్యతరగతి వాళ్లు జీతంలోంచి కాహాకు కడుతూనే, స్పెషలిస్టు కోసం ప్రైవేటు ఆసుపత్రికి పోతారు. ఉద్యోగి జీతంలో దాదాపు పదో వంతు, దాని మీద యజమాని వాటా నాలుగో వంతుకు పైన, ఈ సంస్థకూ దాంతో ముడిపడ్డ ఇతర నిధులకూ వెళ్తాయి. అమెరికాతో పోల్చాలంటే, 2024లో కంపెనీ ద్వారా వచ్చే కుటుంబ బీమా సగటు ప్రీమియం ఏడాదికి 25,000 డాలర్లు దాటింది, అందులో ఉద్యోగి వాటా 6,000 పైన. మీ జీతం చీటీలో ఈ రెండు వరసలూ పక్కపక్కన రాసుకుంటే, జీతం సగమైందన్న మాట కొంచెం మెత్తబడుతుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఇప్పటికే స్పెషలిస్టు దగ్గర దీర్ఘకాలిక చికిత్స నడుస్తుంటే మాత్రం నా సలహా పూర్తిగా తిరగబడుతుంది. అది ఒక్కటీ నాకు స్పష్టంగా చెప్పండి.

పని గంటలు. అక్కడ అంతా తీరిగ్గా బతుకుతారని ఒక అపోహ. చట్టం ప్రకారం పగటి షిఫ్టుకు వారానికి 48 గంటలు. ఏడాదికి సగటున 2,100 గంటలకు పైగా పనిచేస్తారు, అమెరికాలో అది 1,800 చుట్టూ ఉంటుంది. కాకపోతే 50 వారాలు పనిచేస్తే రెండు వారాల జీతంతో కూడిన సెలవు చట్టబద్ధం. డిసెంబరులో అగినాల్దో పేరుతో ఒక నెల జీతం అదనం, దాని మీద పన్ను లేదు. ప్రసూతికి నాలుగు నెలలు జీతంతో సెలవు. అమెరికాలో 1993 నాటి కేంద్ర చట్టం ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా. మిన్నెసోటాలో 2023లో చేసిన చట్టంతో జీతంతో కూడిన సెలవు 2026 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది, కాబట్టి అక్కడ ఉన్న మీకు ఈ తేడా కొంత తగ్గింది.

ధరలు. చవక దేశమని రాసేవాళ్లు అక్కడ కారు కొనలేదని అర్థం. కొత్త కారుకే దాని విలువలో సగానికి పైగా పన్నులు పడతాయి, పాతబడే కొద్దీ శాతం ఇంకా పెరుగుతుంది. కారుంటే సాన్ హోసేలోకి రోజూ వెళ్లలేరు, నంబరు చివరి అంకెను బట్టి వారంలో ఒక రోజు నగరంలోకి రానివ్వరు. దానికి తోడు మారకం రేటు. 2022 మధ్యలో డాలరుకు అక్కడి కరెన్సీలో దాదాపు 700 కొలోన్లు వచ్చేవి, రెండేళ్లలో 500 దగ్గరకు దిగింది. డాలర్లలో జీతం మాట్లాడుకుని వచ్చిన ఒక కుటుంబం, కదలకుండా కూర్చునే పాతిక శాతానికి పైగా పోగొట్టుకుంది. ఇంటద్దె, స్కూలు ఫీజు ఏ కరెన్సీలో కడతారో, జీతం ఆ కరెన్సీలోనే అడగండి.

భద్రత. దీన్ని నేను దాచను. 2023లో ఆ దేశంలో 900కు పైగా హత్యలు జరిగాయి, అప్పటిదాకా ఎన్నడూ లేనంత. లక్ష జనాభాకు 17 చొప్పున, అమెరికా సగటుకు దాదాపు మూడు రెట్లు. ఎక్కువ భాగం మాదకద్రవ్యాల ముఠాల మధ్య, లిమోన్ రేవు ప్రాంతంలో, రాజధాని చుట్టూ కొన్ని పేటల్లో. మీరుండే చోట మీకు ఎదురయ్యేది ఇంటి దొంగతనం, అద్దం పగలగొట్టి కారులో బ్యాగు ఎత్తుకుపోవడం. కిటికీలకు ఇనుప ఊచలు, గేటుకు కాపలా, ఇవి మీ పాపకు కొత్తగా అనిపిస్తాయి. నేను ఉన్నన్నాళ్లూ స్కూళ్లో తుపాకీ వస్తే ఎలా దాక్కోవాలో మా పిల్లకు డ్రిల్లు చేయించలేదన్నదీ నిజమే. ఈ రెండు భయాల్లో ఏది తక్కువో అంకెలు తేల్చవు, మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

మీ బాబు చదువు

నేను ఎక్కువ ఆందోళన పడుతున్నది దీని గురించే. కోస్టారికా బడుల మీద నాకున్న గౌరవం గతానిది. 2018లో టీచర్ల సమ్మె దాదాపు మూడు నెలలు నడిచింది. ఆ వెంటనే మహమ్మారి కాలపు మూసివేతలు. అక్కడి విద్యా స్థితి నివేదికే 2021లో దీన్ని చదువుల చీకటి అన్న అర్థంలో పిలిచింది. దేశదేశాల పిల్లల చదువును పోల్చే పీసా పరీక్షలో, 2022లో పదిహేనేళ్ల పిల్లల గణితం మార్కులు కోస్టారికాలో 385, అమెరికాలో 465. కాబట్టి మీరు ప్రైవేటు స్కూలుకే వెళ్తారు. అందులో మంచివి నెలకు పిల్లకు వెయ్యి డాలర్లు దాటతాయి. ఇద్దరికీ వేసుకోండి, జీతంలోంచి ఏం మిగులుతుందో తెలుస్తుంది. ఫీజు కంపెనీ కట్టకపోతే ఈ బదిలీ లెక్క కుదరదు.

ఇంకో చిక్కు: అక్కడి విద్యా సంవత్సరం ఫిబ్రవరిలో మొదలవుతుంది. అమెరికా క్యాలెండరు పాటించే స్కూళ్లు కొన్నే. తొమ్మిదో తరగతి మధ్యలో తీసుకెళ్తే పిల్లవాడు ఆరు నెలలు వెనక్కో ముందుకో పడతాడు. నాకు తెలిసి త్వరగా వెనక్కి వచ్చేసిన అయిదు కుటుంబాల్లో నాలుగింట్లో పదమూడు దాటిన పిల్లలున్నారు. ఒక అబ్బాయి పదకొండు నెలలూ గదిలోంచి బయటకు రాలేదు. స్పానిష్ రాక కాదు. పాత స్నేహితులు రోజూ ఫోనులో కనిపిస్తుంటే కొత్తవాళ్లను చేసుకోవాలన్న ఆశే పుట్టలేదు వాడికి. ఏడేళ్ల పిల్లలు మూడు నెలల్లో స్పానిష్‌లో పోట్లాడుకుంటారు. మీ పాప గురించి బెంగ పెట్టుకోకండి.

మీ ఆవిడ సంగతి. మీ మీద ఆధారపడిన తాత్కాలిక నివాసంతో ఆమెకు దానంతటదే పని అనుమతి రాదు. వేరుగా సంపాదించుకోవాలి. మూడేళ్ల తర్వాత శాశ్వత నివాసానికి దరఖాస్తు చేయవచ్చు, అది వస్తే ఎక్కడైనా పనిచేయవచ్చు. ఆ మూడేళ్లు ఆమె ఏం చేస్తుంది? మీరు రాసిన ఇంత పొడుగు ప్రశ్నలో ఆమె ఉద్యోగం గురించి ఒక్క వాక్యమూ లేదు. నేను చూసినంతలో బదిలీలు విఫలమయ్యేది ఎక్కువగా పెద్ద పిల్లల దగ్గరా, ఇక్కడా, జీతం దగ్గర కాదు.

పన్నుల గురించి ఒక్క మాట. మీకు గ్రీన్ కార్డో పౌరసత్వమో ఉంటే ఎక్కడున్నా ఏటా అమెరికాకు రిటర్న్ వేయాలి. గ్రీన్ కార్డు మాత్రమే అయితే దీర్ఘకాలం బయట ఉండటం వల్ల అదే పోయే ప్రమాదం ఉంది, కంపెనీ లాయరుతో ముందే మాట్లాడండి. అమెరికా ప్రభుత్వ పింఛను సోషల్ సెక్యూరిటీకి కావలసిన 40 క్రెడిట్లు, అంటే పదేళ్ల పని, మీకు పూర్తయ్యాయో లేదో చూసుకుని కదలండి.

ఇక చలి. నవంబరు నుంచి మార్చి దాకా ఇంట్లో ముడుచుకుపోయిన మా అత్తగారు, అలహ్వేలాలో రోజూ సాయంత్రం వాన వెలిశాక నడకకు వెళ్లేవారు. సముద్రమట్టానికి 950 మీటర్ల ఎత్తున ఉంటుంది, హీటరూ అక్కర్లేదు, ఏసీ కూడా చాలా ఇళ్లలో ఉండదు. మే నుంచి నవంబరు దాకా మధ్యాహ్నం వాన. పక్కింటావిడ పేరు పెట్టి పలకరించేది. అక్కడ ఇంటి చిరునామాలు నంబర్లతో చెప్పరు, ఫలానా చర్చి నుంచి 200 మీటర్లు ఉత్తరం అంటారు. సాన్ హోసే పక్కనున్న సాన్ పెద్రోలో ఎప్పుడో పోయిన పెద్ద చెట్టును ఇప్పటికీ గుర్తుగా చెబుతారు. మా అత్తగారు ఆరు నెలల్లో ఆ పద్ధతిలోనే దారి చెప్పడం నేర్చుకున్నారు. ఏ జాబితాలోనూ దీనికి గడి లేదు, కానీ ఆ తొమ్మిదేళ్లలో ఆవిడ బీపీ మాత్ర ఒకటి తగ్గింది.

జవాబు ఇచ్చేలోపు మీరు, మీ ఆవిడ, బాబు ముగ్గురూ రెండు వారాలు వెళ్లి రండి, సముద్ర తీరానికి కాదు. అలహ్వేలాలోనో హెరేదియాలోనో ఇల్లు అద్దెకు తీసుకుని, పొద్దున్న ఆరున్నరకు కోయోల్ పారిశ్రామిక వాడ దాకా కారు నడిపి చూడండి, వానలో సాయంత్రం అయిదింటికి తిరిగి రండి. బాబును ఒక రోజు స్కూల్లో కూర్చోబెట్టమని అడగండి, చాలా స్కూళ్లు ఒప్పుకుంటాయి. తిరిగొచ్చాక వాడు ఏమన్నాడో, మీ ఆవిడ ఏమన్నారో ఇక్కడ రాయండి. కంపెనీ ఇచ్చిన ఆఫర్‌లో స్కూలు ఫీజు, జీతం కరెన్సీ, వెనక్కి వస్తే పాత ఉద్యోగం ఇస్తామన్న హామీ, ఈ మూడింటి గురించి ఏముందో కూడా చెబితే వరసవారీగా చూద్దాం.